ఎడమవైపు మలుపు

స్ప్రింగ్ క్రీక్, ఇల్లినాయ్
2 మార్చి 1853

ఒరేయ్ లెమ్యుయల్,

నీ ఉత్తరం అందింది. ఊరంతా చేతులు మారి, మడతల దగ్గర చిరిగి, చివరికి నా దగ్గరికి తిరిగొచ్చింది. పదకొండు పేజీలు! బడిలో రెండు వాక్యాలు రాయమంటే కడుపునొప్పి అనేవాడివి. ఆరెగాన్ గాలికి చేతులు కూడా బాగుపడతాయన్నమాట.

సూటిగా చెబుతున్నా. మేం వస్తున్నాం. నేనూ, మీ బావ హైరమ్, మా పిల్ల జిల్ఫా, ఇంకా పుట్టని ఒకరూ, మా అత్తగారూ. మాతో పాటు మరో పది కుటుంబాలు. గడ్డి మొలవగానే బయలుదేరతాం. ఈ ఉత్తరం ఓడలెక్కి దిగి నీ దగ్గరికి చేరేసరికి మేం సగం దారిలో ఉంటాం కాబట్టి వద్దనడానికి నీకు వీలుండదు.

నువ్వు ఎద్దుల బండితో రెండు వేల మైళ్ళు నడిచొచ్చావంటే ఇక్కడ మొదట ఎవరూ నమ్మలేదు. నాన్న బతికుంటే పడీపడీ నవ్వేవాడు. "వాడు ఎద్దు తోక కదిలితే చెట్టెక్కుతాడు" అనేవాడు గుర్తుందా? కానీ నువ్వు రాసిన ఆ అడ్డదారి వర్ణన చదివాక పాస్టరు ఫెల్ప్స్‌గారు కూడా నోరు మూసుకున్నారు. పాము నది దగ్గర పెద్ద దారి వదిలేసి ఎడమవైపు తిరగడం, మూడు తెల్లని కొండలకేసి నేరుగా పోవడం, చక్రం ఇరుసు దాకా గడ్డి, ఆరేసి మైళ్ళకో ఊట, రెండు వందల మైళ్ళు కలిసిరావడం. మీ బావ దాన్ని కంఠతా పట్టాడు.

మా అత్తగారు మాత్రం చుట్టగొట్టం నోట్లోంచి తీసి, "దారి తెలిసినవాడు ఇంత అందంగా రాయడు" అంది. ఆవిడ మాట పట్టించుకోకు. ఆవిడ దృష్టిలో వాన కూడా సరిగ్గా కురవదు.

నీ అక్క,
కెటూరా

విలమెట్ లోయ, ఆరెగాన్
24 మే 1853

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆనందంతోనే అనుకో. తూర్పుకి పోతున్న గుర్రాలవాళ్ళు దొరికారు, హాల్ కోటలో ఇది ఇచ్చి వెళ్తామన్నారు. మీరు అటు మీదుగానే రావాలి కాబట్టి అందుతుంది.

నా మాట విని ఈ ఏడాదికి ఎక్కడైనా ఆగిపోగలరేమో చూడండి. ఇల్లు ఇరుకు. ఒక్క గది, అదీ కురుస్తుంది. నువ్వు వట్టి మనిషివి కావు, పెద్దావిడ ఉంది. రావడం తప్పదంటే అందరూ పోయే పెద్ద దారినే రండి. ఆ అడ్డదారి గురించి నేను రాసినవన్నీ అక్షరాలా పట్టుకోవద్దు. వానలకి ఊటలు మారిపోయి ఉండొచ్చు. మనుషుల జ్ఞాపకం కూడా ఒక్కోసారి తప్పుతుంది కదా.

ఇక్కడ గోధుమ బాగుంది. ఆవు ఈనింది. నేను కులాసా.

తమ్ముడు,
లెమ్యుయల్

లారమీ కోట
19 జూన్ 1853

తమ్ముడూ,

దుమ్ము తప్ప అన్నీ అయిపోయాయి. దుమ్ము రొట్టెలో, దుమ్ము కాఫీలో, పాస్టరుగారి ప్రార్థనలో కూడా దుమ్మే. అందువల్ల ఆయన ప్రార్థన సగానికి సగం తగ్గింది. దేవుడి దయ.

పెద్ద వార్త. మీ బావ మా బళ్ళన్నిటికీ కెప్టెనయ్యాడు! అవును, ఇంట్లో మేకు కొట్టాలన్నా నన్నడిగే హైరమ్. మొదట ఎన్నుకున్న కెప్టెను ప్లాట్ నది దాటకముందే కలరాతో పోయాడు. పొద్దున్న కాఫీ తాగాడు, పొద్దుగుంకేలోపు పూడ్చిపెట్టాం. ఆ దారంట ఎక్కడ చూసినా కొత్త మట్టిదిబ్బలే, ఆ వారం ఎవరం జోకులు వేసుకోలేదు. తర్వాత కొత్త కెప్టెను ఎవరని తర్జనభర్జన. మీ బావ లేచి జేబులోంచి నీ ఉత్తరం తీసి, "నా బావమరిది ఈ దారిలో నడిచాడు" అన్నాడు. అంతే, చేతులు లేచాయి. ఇప్పుడు భోజనాల వేళ ఎవరో ఒకరు, "కెప్టెన్, ఆ గడ్డి ముక్క మళ్ళీ చదవండి" అంటారు. బైబిల్ వినడం మానేశారని పాస్టరుగారికి కడుపుమంట.

ఇక్కడ కట్టెపుల్ల లేదు. ఎండిన అడవిదున్న పేడ ఏరి, దాని మీదే వంట. మొదటి రోజు ఆడవాళ్ళంతా రెండు వేళ్ళతో, ముక్కు మూసుకుని పట్టుకున్నారు. ఇప్పుడు మంచి పిడక కోసం జుట్లు పట్టుకుంటున్నారు. మా అత్తగారికి అరవై అయిదేళ్ళు, అందరికంటే పెద్ద గంప ఆవిడదే. బండి ఎక్కమంటే ఎక్కదు. "ఎక్కితే నన్ను సామాన్లలో లెక్కేస్తారు" అంటుంది.

పిల్లాడు దారిలోనే పుట్టాడు, పదో తారీఖున. వానలో, బండి కింద. ఒక్క పూట ఆగారు నాకోసం. పేరు ఇంకా పెట్టలేదు. మంత్రసాని పని అత్తగారే చేసింది, ఆ పూటంతా నన్ను తిడుతూనే.

కెప్టెనుగారి భార్య,
కెటూరా

హాల్ కోట
31 జూలై 1853

లెమ్యుయల్‌కి,

నీ ఉత్తరం అందింది. ఇల్లు ఇరుకు అన్నావు. గది ఒకటే అన్నావు. సంతోషం. తల్లి పోయాక నిన్ను చంకనేసుకుని పెంచినప్పుడు మన ఇల్లేమీ కోట కాదు.

నీ ఇంటికి రాములే, భయపడకు. లోయలో మాకూ ఇంత నేల దొరక్కపోదు. అయితే నన్ను దూరం పెట్టడానికి ఇన్ని సాకులెందుకు? ఇల్లు ఇరుకు, వానలు, ఊటలు, జ్ఞాపకం! చివరికి నీ దారి మీద నువ్వే అబద్ధాలు కల్పిస్తున్నావు, మేం ఆలస్యంగా చేరాలని. చూపిస్తే మీ బావ, "వాడు మొహమాటపడుతున్నాడే, గొప్ప పనులు చేసినవాళ్ళు అలాగే మాట్లాడతారు" అన్నాడు. పిచ్చి మారాజు.

పెద్ద దారినే రమ్మన్నావు కదా? ఎడమవైపే తిరుగుతాం. నువ్వనుకున్నదానికంటే ముందే మీ లోయ చేరి, నీ గుమ్మం ముందు నుంచే బళ్ళు తోలుకుపోతాం. దిగం కూడా.

పశువులు తోలేవాడొకడు గుర్రం మీద ముందుగా వస్తున్నాడు. వాడి చేత పంపుతున్నా.

కెటూరా ప్రూట్

విలమెట్ లోయ
25 ఆగస్టు 1853

అక్కా, అక్కా,

ఇది తెచ్చినవాడికి నా గుర్రం ఇచ్చేశాను, ఆగకుండా పొమ్మని. చదివి వెంటనే బళ్ళు ఆపించు.

నేను ఆ దారిలో రాలేదు. ఏ దారిలోనూ రాలేదు. ఓడలో వచ్చాను. న్యూయార్క్‌లో ఎక్కి, దక్షిణాన ఖండం కొస చుట్టూ తిరిగి, అయిదు నెలలు వంటవాడి కింద బంగాళాదుంపలు చెక్కుతూ, తిన్నదంతా సముద్రానికి అప్పజెబుతూ వచ్చాను. ఎద్దులంటే భయం అక్కా. నాన్న అన్నది నిజమే. ఆ మాట నిజమని మీకు తెలియకూడదనే అదంతా రాశాను. ఇక్కడ అందరూ, నువ్వు ఏ ఏడాది నడిచొచ్చావని ఒకరినొకరు అడుగుతూ గొప్పలు పోతుంటారు. నేనూ ఒక ఏడాది చెప్పేశాను. ఒకసారి చెప్పాక వెనక్కి రాలేకపోయాను.

ఆ అడ్డదారి ఒక పిండిమర దగ్గర ఎవడో చెప్పగా విన్నాను. వాడు కూడా వెళ్ళలేదట, ఇంకెవడో చెప్పాడట. గడ్డి నేను కల్పించాను. ఊటలు ఆరేసి మైళ్ళకని నేనే లెక్కవేశాను. ఆ మధ్యలో ఏముందో ఎవరికీ తెలియదు. ఎడమవైపు తిరగొద్దు. తిరిగి ఉంటే వెనక్కి రండి.

నన్ను తిట్టు, కొట్టు, మొహం చూడకు. కానీ పెద్ద దారినే రా.

లెమ్

ఎడారి
29 సెప్టెంబర్ 1853

లెమ్,

అయిదుగురు మగవాళ్ళు మిగిలిన మంచి గుర్రాలు తీసుకుని సాయం కోసం కొండలకేసి పోతున్నారు. వాళ్ళు బతికి చేరితే ఇది నీకు అందుతుంది.

నీ ఉత్తరం నాకు అందింది. ఎప్పుడనుకున్నావు? ఎడమవైపు తిరిగిన నాలుగో రోజు. నీ మనిషి జాడలు పట్టుకుని వచ్చి, అన్నిటికంటే వెనక ఉన్న బండిలో నన్ను చూసి ఇచ్చాడు. చదివాను. ముందు ఎద్దుల దగ్గర మీ బావ నడుస్తున్నాడు, టోపీ వెనక్కి నెట్టుకుని, ఎవరో ఏదో అడిగితే చెయ్యి చాచి చూపిస్తూ. ఆయన్ని పెళ్ళాడి పన్నెండేళ్ళయింది. ఆయన అలా చెయ్యి చాచడం ఎప్పుడూ చూడలేదు.

నాలుగు రోజులు వెనక్కి నడిస్తే సరిపోయేది. ఆ పూట బళ్ళు ఆగాక ఆ ఉత్తరం పొయ్యిలో పడేసి దాని మీద రొట్టె కాల్చాను. ఒక్క ఊటైనా నిజం కాకపోతుందా అనుకున్నా.

ఒక్కటీ నిజం కాదు. ఉప్పు సరస్సులు, బూడిద, గుర్రపు డెక్కలు కోసుకుపోయే నల్లరాయి. ఇరవై మూడు ఎద్దులు పోయాయి. బళ్ళు ఆరు మిగిలాయి. ఇక్కడి తెగ ముసలావిడ ఒకామె మమ్మల్ని చూసి చాలాసేపు నవ్వింది. తర్వాత మా అత్తగారి చేతిలో చుట్టగొట్టం చూసి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకే గొట్టం చెరి కాసేపూ పీల్చారు. ఒకరి భాష ఒకరికి రాదు, గంటసేపు మాట్లాడుకున్నారు. పోతూ పోతూ ఒక వాగుపాయ ఇసకలో ఎక్కడ తవ్వాలో కాలితో గీసి చూపించింది. నీళ్ళు పడ్డాయి. ఈ దారిలో మాకు నిజం చెప్పింది ఆవిడొక్కతే.

అత్తగారు బండెక్కింది, లెమ్. తనంతట తానే. దాంతో నాకు భయం పట్టుకుంది.

నిన్ను తిట్టడానికి నాకు ఇప్పుడు నోరు లేదు. పిండి పంపు.

కెటూరా

కొండల పైన
17 అక్టోబర్ 1853

అక్కా,

నీది అందిన పూటే లోయలో అందరికీ చెప్పాం. నలభైమంది కదిలారు, పిండి మూటలతో, గొడ్డళ్ళతో. నేనూ ఉన్నాను. పడిపోయిన చెట్లు ఇళ్ళంత ఎత్తున అడ్డం ఉన్నాయి, నరుక్కుంటూ వస్తున్నాం. నాకు ఎద్దుల జత అప్పజెప్పారు. అవి నన్ను చూసి భయపడుతున్నాయేమో అనిపిస్తోంది.

మీ వాళ్ళు చెప్పిన నది ఒడ్డు చేరాక అక్కడే ఉండండి, కదలొద్దు. పచ్చికొమ్మలు కాల్చి పగలంతా పొగ పెట్టండి. చూసి వస్తాం. గట్టి గుర్రం ఉన్నవాడు ముందుగా ఇది తెస్తున్నాడు, వాడి సంచిలో మీ అందరికీ కాస్త పిండి ఉంది. పెద్దావిడకి జావ కాచి ఇవ్వు.

లెమ్

లోయ దక్షిణపు కొస
20 నవంబర్ 1853

లెమ్యుయల్‌కి,

మేం దిగిన కొట్టంలో కోళ్ళు మాకంటే ముందు నుంచీ కాపురం ఉంటున్నాయి కాబట్టి పైచెయ్యి వాటిదే. ఇంటివాళ్ళు మంచివాళ్ళు. జిల్ఫాకి బలం వచ్చింది. పిల్లాడు ఏడుస్తున్నాడు. ఏడవడానికి ఓపిక వచ్చిందని సంతోషిస్తున్నాం.

నువ్వు పిండి మూటతో పొగలోంచి వచ్చినప్పుడు నేను నీ మెడ పట్టుకుని ఏడ్చాను. ఆ ఏడుపు లెక్కలోకి తీసుకోకు. నువ్వు వచ్చేసరికి అత్తగారిని పాతిపెట్టి అయిదు రోజులు. తన వంతు ఎండుమాంసం జిల్ఫా జేబులో పెట్టేదని తర్వాత తెలిసింది. తోడేళ్ళు తవ్వకుండా ఆవిడ మీదుగా బళ్ళు నడిపారు. మీ బావే ఎద్దులని తోలాడు.

ఇప్పుడు ఏం జరుగుతోందో నీకు తెలుసా? ఇక్కడ ప్రతివాడూ నిన్ను మెచ్చుకుంటున్నాడు. "ఆ దారి తెలిసినవాడు కాబట్టి వచ్చి కాపాడాడు, అడ్డదారిలో పొరపాటు మనదే, ఎక్కడో మలుపు తప్పాం" అంటున్నారు. మీ బావ అందరికంటే ముందు అంటున్నాడు. తల్లిని పోగొట్టుకుని, తప్పు తనదేనని నమ్ముతూ, నీ పేరు చెప్పి కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను పక్కనే కూర్చుని పప్పుగింజలు ఏరుతున్నాను.

నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?

కెటూరా

విలమెట్ లోయ
3 జనవరి 1854

అక్కా,

చెప్పేశాను. విను.

కొత్త సంవత్సరం ప్రార్థనకి మీ పాస్టరు ఫెల్ప్స్‌గారు ఇక్కడికొచ్చారు. విత్తనాల కోసమని బావ కూడా వచ్చాడు కదా, నా పక్కనే కూర్చున్నాడు. పాస్టరుగారు నన్ను లేపి, "నీ ప్రయాణం గురించి రెండు మాటలు చెప్పు నాయనా" అన్నారు. లేచాను. "నేను ఓడలో వచ్చానండి" అన్నాను. అందరూ నవ్వారు. "నిజంగా, ఓడలో. దారి పొడుగునా వాంతులే" అన్నాను. ఇంకా నవ్వారు. "అడ్డదారి నేను చూడలేదు, కల్పించి రాశాను" అంటే పాస్టరుగారు చెయ్యెత్తి, "చూశారా, ఎంత వినయం! పొగడ్త భరించలేక తనని తాను కించపరుచుకుంటున్నాడు" అన్నారు. ఒకావిడ కన్నీళ్ళు పెట్టుకుంది. అబద్ధం ఒక్కసారి చెబితే నమ్మారు, నిజం మూడుసార్లు చెప్పినా నమ్మలేదు. చివరికి ఇంటికి పరిగెత్తి ఓడవాళ్ళిచ్చిన కాగితం తెచ్చి చూపిస్తే అప్పుడు నమ్మారు.

బావ మాత్రం మొదటి మాటకే నమ్మాడు. నవ్వలేదు. నేను కాగితం తెచ్చేసరికి ఆయన చోటు ఖాళీ. టోపీ మరిచిపోయి వెళ్ళాడు.

నీ సంగతి చెప్పలేదు. ఉత్తరం నాలుగో రోజున అందిందని ఎవరికీ చెప్పను. అది నా నోటితో రాదు.

లెమ్

లోయ దక్షిణపు కొస
12 జనవరి 1854

లెమ్,

మీ బావ మూడో రోజుకి ఇంటికొచ్చాడు, వానలో, బోడితలతో. రెండు పూటలు పొయ్యి దగ్గరే కూర్చున్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేసి, "నీ తమ్ముడు నిన్ను కూడా మోసం చేశాడే, పాపం, నీకేం తెలుసు" అన్నాడు.

తిట్టి ఉంటే నోరు మూసుకునేదాన్నేమో. ఆ "పాపం" భరించలేకపోయాను. అంతా చెప్పాను. నాలుగో రోజు, ఉత్తరం, పొయ్యి, రొట్టె. "ఆ రొట్టె నేనూ తిన్నానా?" అని అడిగాడు. తిన్నావన్నాను.

ఇంకొకటీ చెప్పాను, నీకూ చెప్పలేదది. నేను కాగితం కాలుస్తుంటే అత్తగారు చూసింది. "ఏమిటది?" అంది. పాత ఉత్తరం అన్నాను. "పాత ఉత్తరానికి ముద్ర ఇప్పుడు పగలగొడతావా?" అంది. నేను కాగితం ఇంకా లోపలికి తోశాను. ఆవిడ ముందుకు చూసి, మీ బావ నడకని కాసేపు చూసి, "నా కొడుకు నడుము ఇంత నిటారుగా ఉంటుందని నాకిన్నాళ్ళూ తెలియదు. రొట్టె మాడుతోంది, తిప్పు" అంది. అంతే. చచ్చిపోయేదాకా ఆ ఊసెత్తలేదు.

అది విని మీ బావ గొడ్డలి తీసుకుని బయటికెళ్ళాడు. కట్టెలకనుకున్నా. ఆరు రోజులైంది. నీ దగ్గరికి వచ్చాడా? వస్తే ఆ గొడ్డలి ఎక్కడుంది?

కెటూరా

విలమెట్ లోయ
21 జనవరి 1854

అక్కా,

గొడ్డలి నా కంచె దగ్గరుంది, నా మెడ మెడ మీదే ఉంది.

బావ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. కొడతాడనుకుని కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నా. ఆయన నా కంచె చూసి, "ఇది కంచేనా?" అన్నాడు. దుంగలు చీల్చడం మొదలుపెట్టాడు. పది రోజులు చీల్చాడు. నేను పక్కన పేర్చాను. అన్నం పెడితే తిన్నాడు. మాటల్లేవు.

నిన్న నోరు విప్పాడు. "ఆ మలుపు దగ్గర ఒక్క చక్రం జాడ లేదు లెమ్యుయల్. అంతమంది పోయే దారైతే ఒక్క జాడైనా ఉండాలి కదా. చూశాను. ఆగుదామనుకున్నాను. వెనకనుంచి ఎవరో, ఎటు కెప్టెన్ అన్నారు. చెయ్యి దానంతటదే లేచింది." మళ్ళీ దుంగ మీద పడ్డాడు. నేను ఇంకో దుంగ తెచ్చి పడేశాను.

తర్వాత అడిగాడు, మంచు కరిగాక అమ్మ దగ్గరికి పోదామా అని. జూలైలో వెళ్దాం. బళ్ళు నడిపిన చోటు కదా, పైన గుర్తేమీ ఉండదు. అయినా నది వంపు, వాలిన మూడు దేవదారులు నాకు తెలుసు. "నిజంగా తెలుసా?" అన్నాడు. "ఆ ముక్క నడిచాను బావా" అన్నాను. తల ఊపాడు.

దేవదారు పలక చెక్కించి తీసుకెళ్దామనుకుంటున్నాం. దాని మీద ఏం రాయాలో తేలడం లేదు. నాకు ఆవిడ మీ అత్తగారు. బావకి అమ్మ. పూర్తి పేరేమిటని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "కెటూరానడుగు" అన్నాడు. రాసి పంపు.

లెమ్

లోయ దక్షిణపు కొస
28 జనవరి 1854

లెమ్,

మెహిటబెల్ యూనిస్ ప్రూట్. పుట్టింది కనెక్టికట్‌లో, 1788లో. నెల ఆవిడకీ తెలియదు. ఆవిడ బైబిల్ మొదటి పేజీలో తనే రాసుకుంది, అక్షరాలు చూసి దింపుతున్నాను. సరిగ్గా చెక్కండి, ఒక్క అక్షరం తప్పినా ఆవిడ ఊరుకోదు.

కింద ప్రియమైన తల్లి అని, ప్రభువులో నిద్రించింది అని చెక్కించాలని పాస్టరుగారు చెప్పి పంపారట. వద్దు. ఆవిడ నిద్రించే రకం కాదు. ఇల్లినాయ్ నుంచి ఇక్కడిదాకా నడిచింది అని చెక్కండి. చివరి ఇరవై రోజులు తప్పిస్తే అది నిజం.

జూలైలో నేనూ వస్తాను. పిల్లల్ని ఇంటావిడ చూసుకుంటానంది. అడ్డు చెప్పకండి ఇద్దరూ.

మీ బావని శనివారం లోపల పంపించు. ఇక్కడ కొట్టం కప్పు కురుస్తోంది, అంతకంటే వేరే కారణమేమీ లేదని చెప్పు. నువ్వూ వెంట రా. నిన్ను చూసి రెండు నెలలు దాటింది. తిట్టాల్సినవి చాలా పోగుపడ్డాయి, కాగితం మీద పట్టడం లేదు.

అక్క